అలవాట్ల గడి

2024 జూన్ 10, సోమవారం

మామిడి లారీలు మళ్లీ మిల్లు గేటు ముందే బారులు తీరాయి. పల్ప్ ఫ్యాక్టరీ దగ్గర జాగా చాలక ఈ సీజనుకు మిల్లు ఆవరణ తీసుకున్నారట. ఇరవై రెండేళ్లుగా ఒక్క నూలుపోగు తీయని మిల్లులో ఇప్పుడు తోతాపురి కుళ్లు వాసన. ఈగలు అన్నం గిన్నె మీద, మందుల డబ్బా మీద, ఈ పుస్తకం మీద.

కాలనీకి నీళ్లు రాక మూడు రోజులు. పంచాయతీ వాళ్లను అడిగితే, "అది మిల్లు కాలనీ, మాది కాదమ్మా" అంటారు. మిల్లును అడుగుదామంటే మిల్లు లేదు.

గోడ అవతల గంగులప్ప దగ్గు. రెండు క్వార్టర్లకు కలిపి ఒకే గోడ కట్టిన మేస్త్రీ ఎవడో గాని, పక్కింటి మనిషి ఊపిరి కూడా మనకు వినపడాలనే కట్టినట్టున్నాడు. దగ్గు ఆగగానే మునిరత్నమ్మ గొంతు.

"తాగు. ఇంగా తాగు. దొంగసాటుగా తాగిన బీడీలన్నీ ఇప్పుడు బయటికొస్తా ఉండాయి."

ఇరవై మూడేళ్లుగా ఇదే మాట. రేడియో పెట్టుకున్నాను.

జూన్ 11

నీళ్లు రాలేదు. మోకాలు నొప్పి. రాయడానికేం లేదు.

జూన్ 13, గురువారం

తెల్లారగానే మునిరత్నమ్మ గోడ మీద దబదబా కొట్టింది. వెళ్లి చూస్తే గంగులప్ప మంచం మీద ముందుకు వంగి కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. పెదాలు నీలం. వేలికి మిషన్ పెట్టి చూశాను. ఆక్సిజన్ ఎనభై నాలుగు. ఇంకా ఇంట్లో పెట్టుకుని ఏం చూస్తున్నారని అరిచాను. కొడుకు మునిప్రసాద్ ఆటో తీశాడు. ఆసుపత్రిలో వీళ్లకు మాట్లాడడం చేతకాదని నేనూ ఎక్కాను. అరవై ఏళ్లొచ్చినా నర్సుబుద్ధి పోదు.

తిరుపతి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు చిన్నపిల్ల, చాందిని అని. ఓపిగ్గా వింటుంది. నాకు నచ్చింది. మొదట్లో.

"బీడీలు ఎన్నేళ్లు తాగారు?" అంది.

మాస్కు కింద గంగులప్ప తల అడ్డంగా ఊపాడు.

"తాగినాడు మేడమ్," అంది మునిరత్నమ్మ. "మిల్లు ఆసుపత్రి కాయితంలోనే రాసిండారు. ఈయప్ప ఒప్పుకోడు."

"మీరెప్పుడైనా చూశారా?"

"సాటుగా తాగేవోణ్ని యాడ సూస్తాము మేడమ్?"

"మిల్లులో ఏం పని?"

గంగులప్ప మాస్కు పక్కకు లాగి "బ్లోరూము" అన్నాడు. పత్తి బేళ్లు విప్పి, మిషన్లో వేసి దులిపే గది అని నేను వివరించాను. గాలంతా తెల్లగా ఉంటుంది అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

డాక్టరు కాసేపు ఆయన ఛాతీ విన్నది. తర్వాత అడిగింది. "ఆయాసం వారంలో ఒక్కోరోజు ఎక్కువగా ఉండేదా? ఆదివారం సెలవు కదా, మర్నాడు ఎట్లా ఉండేది?"

గంగులప్ప మళ్లీ మాస్కు లాగేశాడు. ఎన్నాళ్లకో ఆయన కళ్లలో ఒక వెలుగు. "సోమారం మేడమ్. సోమారమే. ఎద మీద బండ పెట్టినట్ల ఉండేది. బేస్తవారానికి రవంత తేలిక పడేది."

డాక్టరు నా వైపు తిరిగింది. "మీరు మిల్లు ఆసుపత్రిలో నర్సు అన్నారు కదా. మీకు గుర్తుందా?"

"చాలా ఏళ్లయింది డాక్టర్," అన్నాను.

గుర్తు లేదని నేను అనలేదు. చాలా ఏళ్లయింది అన్నాను. అది నిజమే.

బయటికొస్తే మునిప్రసాద్ ఆటో పక్కన సిగరెట్టు కాలుస్తున్నాడు. లోపల మీ నాయన ఊపిరాడక చస్తుంటే నీకిదేం బుద్ధిరా అని తిట్టాను. "నాయన తాగలేదా? నేను తాగితేనే తప్పొచ్చిందా సిస్టరమ్మా?" అన్నాడు.

జూన్ 14

మునిరత్నమ్మ ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి, మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"సిస్టరమ్మా, ఆ డాక్టరమ్మ ఏందేందో అడగతా ఉండాది. బీడీ వల్ల వచ్చిందా, మిల్లు దుమ్ము వల్ల వచ్చిందా తేల్సల్ల అంటాది. పాత కాయితాలేమన్నా ఉంటే తెమ్మనింది. మిల్లు ఆసుపత్రిలో పెద్ద పుస్తకాలుండె గదా, నువ్వు రాసేదానివి. యాడుండాయవి?"

"చెదలు పట్టి పోయాయి," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ వెళ్లిపోయింది. ఈరోజు నీళ్లు వచ్చాయి. పట్టుకోవడం మరిచిపోయాను.

జూన్ 17, సోమవారం

పుస్తకాలు మంచం కింద ఇనప్పెట్టెలో ఉన్నాయి. పద్నాలుగు. ఒక్కదానికీ చెదలు పట్టలేదు, ఏటా వేపాకు వేసి ఎండబెడతాను.

ఎందుకట్లా చెప్పానో రాసుకుంటే మనసు తేలిక పడుతుంది.

మిల్లు మూసేటప్పుడు మేనేజరు ఆసుపత్రి కాగితాలన్నీ కాల్చేయమన్నాడు. చీటీలు కాల్చాను. ఈ పుస్తకాలు కాల్చలేదు. పద్నాలుగేళ్లు నా చేత్తో రాసినవి. అందుకని, అంతే. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

పుస్తకంలో గళ్లుంటాయి. తేదీ, పేరు, టోకెన్ నంబరు, సెక్షన్, బాధ, అలవాట్లు, ఇచ్చిన మందు. మా డాక్టర్ హేమచంద్రగారు చెడ్డవాడు కాదు. పోయి పదేళ్లయింది, పోయినవాళ్ల గురించి అనకూడదు. ఒకరోజు నన్ను పిలిచి, "గ్రేసీ, ఈ పుస్తకాలు ఇన్‌స్పెక్టర్లు చూస్తారు. దుమ్ము అన్న మాట ఎక్కడా కనిపించకూడదు. దగ్గుతో వచ్చినవాడికి అలవాట్ల గడిలో ఏదో ఒకటి ఉండాలి" అన్నాడు. మగవాళ్లకు బీడీ. ఆడవాళ్లకు పొయ్యి పొగ. డాక్టరు చెప్పాడు, నర్సు రాసింది. నర్సు పని అదే కదా.

పైగా వాళ్లే అడిగేవాళ్లు. "దుమ్మని రాయొద్దు సిస్టరమ్మా, ఊపిరి బాగలేదని పనిలోంచి తీసేస్తారు" అనేవాళ్లు. చేతులు పట్టుకుని అడిగేవాళ్లు. గంగులప్ప కూడా అడిగాడు.

వాళ్ల మంచికే రాశాను.

జూన్ 19

మంచి ఆలోచన వచ్చింది. డాక్టరమ్మకు కావలసింది గంగులప్ప బ్లోరూములో పనిచేశాడన్న రుజువు. దానికి ఆసుపత్రి పుస్తకాలే అక్కర్లేదు. మిల్లు కార్మికుల జాబితా ప్రభుత్వం దగ్గర ఉంటుంది. నేనే వెళ్లి ఆయన సర్వీసు కాగితం తెస్తాను. ఎవరి పరువూ పోనక్కర్లేదు. ఇన్ని రోజులకు ఈరోజు కడుపునిండా తిన్నాను.

జూన్ 24, సోమవారం

చిత్తూరు వెళ్లొచ్చాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

పదకొండు గంటలకు ఒకాయన వచ్చాడు. మిల్లు పేరు కంప్యూటర్‌లో కొట్టాడు. "ఈ పేరుతో ఏమీ లేదే" అన్నాడు. ఆరువందల మంది పనిచేశారయ్యా, మూడు షిఫ్టులు, సైరన్ మోగితే నాలుగు ఊళ్లు గడియారాలు సరిచేసుకునేవి అన్నాను. "ఇప్పుడుందా?" అన్నాడు. లేదన్నాను. "లేనిది కంప్యూటర్‌లో యాడుంటుందమ్మా?" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడలేదు. నిజంగానే అడిగాడు.

పాత ఫైళ్ల గది చూపించమన్నాను. జిల్లాలు విడిపోయినప్పుడు మా మండలం తిరుపతికి పోయింది, ఫైళ్లూ అక్కడికే పోయాయన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో సీటు లేదు. కార్వేటినగరం దాకా నిలబడే వచ్చాను.

జూన్ 28

తిరుపతి ఆఫీసు. వాళ్లకు ఫైళ్లు రాలేదట. చిత్తూరులోనే ఉండాలట. అక్కడే అడగమన్నారు. అక్కడ అడిగే వచ్చానంటే, రాసి ఇవ్వమన్నారు. రాసి ఇస్తే, ఇది మా ఫారం కాదన్నారు. ఫారం అడిగితే జిరాక్స్ షాపులో ఉంటుందన్నారు. జిరాక్స్ షాపువాడు భోజనానికి వెళ్లాడు.

సాయంత్రం దాకా వరండాలో నిలబడితే సూపరింటెండెంటు ఒకావిడ జాలిపడి కూర్చోబెట్టింది. అంతా విని, "మేడమ్, ఆయన అక్కడ పనిచేశాడనీ, అప్పుడే దగ్గు వచ్చిందనీ చూపించేది ఒకటే ఉంటుంది. మిల్లు ఆసుపత్రి రిజిస్టరు. అదెక్కడైనా దొరుకుతుందేమో వెతకండి" అంది.

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఈ దేశంలో ఏ పనీ కాదు.

జూలై 2

గంగులప్పను ఇంటికి పంపించారు. ఆక్సిజన్ మిషన్ ఒకటి ఎవరో ఇప్పించారు. కరెంటు పోతే అది ఆగిపోతుంది. ఈరోజు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ నేను పరిగెత్తి సిలిండరు పెట్టాను. మునిరత్నమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. "నువ్వు లేకపోతే మాకెవురు సిస్టరమ్మా" అంది.

తాగలేకపోయాను. పుల్లగా ఉందని చెప్పాను.

జూలై 6, శనివారం

మధ్యాహ్నం, లారీల చప్పుడు లేని సమయం. గోడ అవతల మాటలు. వినకూడదనుకున్నాను. రేడియో పక్కనే ఉంది, పెట్టలేదు.

"నిజం సెప్పు," అంటోంది మునిరత్నమ్మ. తిట్టే గొంతు కాదు. "నేనేమీ అనను. ఒక్కటన్నా తాగినావా?"

గంగులప్ప మంచం కిర్రుమంది.

"ఎన్నిసార్లు సెప్పల్ల నీకు?"

"మరి కాయితంలో ఎందుకుండాది?"

దగ్గు. తర్వాత ఆవిడే మళ్లీ. "ఆపొద్దు అలిపిరి మెట్లెక్కతా గాలిగోపురం కాడ కూలబడిపోతివే. ఇంగ ఎక్కలేనని ఏడిస్తివి. అబద్ధమాడేవోణ్ని దేవుడు రానీడని అంటిని. అందురి ముందర అంటిని. నువ్వేమీ అనకుండా దిగొచ్చేస్తివి."

"ఊపిరాడలేదు మునీ. ఏమంటాను?"

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ కొండకు వెళ్లలేదు. అంతకుముందు ఏటా నడిచి వెళ్లేవాడు. ఎందుకు మానేశాడా అని నేనూ అనుకునేదాన్ని.

అనుకునేదాన్ని అని రాశాను. నాకు తెలుసు.

జూలై 8, సోమవారం

పెట్టె తీశాను.

సోమవారాల పేజీలు మిగతా వాటికంటే నల్లగా ఉన్నాయి. మంగళవారం పదిమంది ఉంటే సోమవారం నలభై. పద్నాలుగేళ్లు ప్రతి సోమవారం వరండా నిండా మనుషులు ఎదలు పట్టుకుని కూర్చునేవాళ్లు. బీడీ తాగేవాడికి సోమవారం, బుధవారం తేడా ఏముంటుంది? ఆదివారం ఒక్కరోజు దుమ్ముకు దూరమైన ఎద, సోమవారం మళ్లీ దుమ్ములోకి పోతేనే అట్లా పట్టేస్తుంది. ఇది నాకు అర్థం కాలేదని చెప్పడానికి నేనేమైనా చదువుకోనిదాన్నా?

నూలు చుట్టే రీలింగ్ సెక్షన్ జ్ఞానాంబ, అలవాటు: పొయ్యి పొగ. పెళ్లికాని పిల్ల, హాస్టల్లో ఉండేది, మెస్సులో తినేది. ఆమెకు పొయ్యే లేదు.

గంగులప్ప, టోకెన్ 212, బ్లోరూము. 2001 ఫిబ్రవరి. అలవాటు: బీడీ, రోజుకు ఒక కట్ట. కట్ట అని కూడా రాశాను. ఎవరు చెప్పారు నాకు కట్ట అని?

పోయిన నెల పదిహేడున నేను రాసింది అబద్ధం. కొట్టేయను, ఉండనీ. మిగతావాళ్లలో కొందరు అడిగారు. గంగులప్ప అడగలేదు. జరిగింది ఇది.

ఆయనకు అక్షరాలు వచ్చు. బల్ల మీదికి వంగి, నేను రాస్తున్నది తలకిందులుగా చదివాడు. "సిస్టరమ్మా, నేను బీడీ ముట్టను. కొండకు నడిచే మనిషిని. అట్ల రాయొద్దు," అన్నాడు. అందరికీ అట్లాగే రాస్తాము, ఏం కాదులే అన్నాను. "ఏం కాకపోతే నిజమే రాయొచ్చు గదా," అన్నాడు. వెనక లైనులో ముప్పై మంది. నాకు విసుగొచ్చింది. "గంగులప్పా, మందు కావాలా వద్దా?" అన్నాను.

మందు తీసుకుని వెళ్లిపోయాడు.

తిరుపతికి పంపే చీటీలో కూడా అదే ఎక్కించాను. వారం తర్వాత మునిరత్నమ్మ ఆ చీటీ పట్టుకుని వచ్చింది. ఆవిడకు చదువు రాదు. చదివిపెట్టమంది. నేనే చదివాను. "బీడీ అలవాటు, రోజుకు ఒక కట్ట." ఆవిడ మొహం చూసి కూడా చదివింది వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రమే గోడ అవతల మొదటి గొడవ.

నాకు అప్పుడు ముప్పై ఏడేళ్లు. చిన్నపిల్లను కాదు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

జూలై 9

చెప్పాలి. ఈరోజు వాళ్లింటికి చుట్టాలొచ్చారు. రేపు.

జూలై 10, బుధవారం

పుస్తకం చీరకొంగు కింద పెట్టుకుని వెళ్లాను. దొంగలాగా. మునిరత్నమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. చెదలు పట్టలేదు, ఇదిగో అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"సదువు."

చదివాను. పేరు, నంబరు, సెక్షన్, బాధ. అలవాట్లు.

"అదే గదా ఆపొద్దు సదివింది."

"అది అబద్ధం మునిరత్నమ్మా. ఆయన తాగనన్నాడు. రాయొద్దన్నాడు. నేను రాశాను. అందరికీ అట్లాగే రాశాను. దుమ్ము అని రాయకూడదని పైనుంచి చెప్పారు."

ఆవిడ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. చదవలేని ఆ గడి మీద తడి వేలు పెట్టింది. "ఇదేనా? ఈ రవంత రాతేనా?"

"అదే."

"ఇది ఎవురి రాత?"

"నాదే."

అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, నిజంగా. ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఇరవై మూడేండ్లు ఆయప్ప సొక్కా ఉతికే ముందర జోబీలు వాసన సూసినాను. పడుకొని ఉంటే నోటి కాడ ముక్కు పెట్టినాను. ఎప్పుడూ వాసన రాలా. రాకపోతే ఏమనుకున్యానో తెల్సునా? ఎంత తెలివిగా దాస్తా ఉండాడో అనుకున్యాను."

నేనేదో అనబోయాను.

"గోడ పక్కనే గదమ్మా ఉండావు. నేను తిట్టేదంతా నీకు ఇనపడతా ఉండె గదా."

"వినపడేది."

"పో సిస్టరమ్మా."

మునిప్రసాద్ ఎప్పుడొచ్చాడో, వాకిట్లో నిలబడి ఉన్నాడు. నేను పక్కనుంచి వెళ్తుంటే దారి ఇవ్వడానికన్నట్టు బాగా వెనక్కి జరిగాడు. అంత జరగనక్కర్లేదు.

జూలై 11

ఆవిడ చెప్పగానే గంగులప్ప సంతోషపడతాడని నేను అనుకున్నాను. ఇన్నేళ్ల నింద పోయింది కదా. గోడకు చెవి ఆనించి మరీ విన్నాను, సిగ్గు విడిచి.

ఆయన సంతోషపడలేదు. దగ్గుతూ, మధ్యమధ్య ఆగుతూ, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"కాయితం సెప్తే తాగినాననుకుంటివి. ఇప్పుడు కాయితం సెప్తే తాగలేదంటావా? నేను మనిషిని కాదా? నా మాట సాల్లేదా నీకు?"

మునిరత్నమ్మ ఏడుస్తోంది.

"నా మాట ఎందుకు సాల్లేదు? సెప్పు. పెండ్లాడి అప్పటికి పదిహేనేండ్లు."

నేను వాళ్లిద్దరి మధ్యా పెట్టింది ఒక మాట అనుకున్నాను. తీసేస్తే పోతుందనుకున్నాను.

జూలై 15, సోమవారం

పద్నాలుగు పుస్తకాలు, రెండు గోనెసంచులు. బస్టాండు దాకా దింపమని మునిప్రసాద్‌ను అడిగాను. "ఆటో ఖాళీ లేదు" అన్నాడు. ఆటో ఖాళీగానే ఉంది. వాడు అందులో కూర్చుని ఉన్నాడు, అంతే. ఒక సంచి బస్టాండులో పెట్టి, పూలమ్మేవాళ్లకు అప్పగించి, మళ్లీ వచ్చి రెండోది మోశాను. మోకాళ్లు నావి కావు.

డాక్టర్ చాందిని బల్ల మీద పుస్తకాలు పరిచి సోమవారం పేజీలు తిప్పింది. చాలాసేపు. నేను చెప్పిందంతా విని, తెలుగులో రాసి సంతకం పెడతారా అని అడిగింది. రాశాను. అలవాట్ల గడిలో ఉన్నవి నేను కల్పించి రాసినవి, గ్రేసీ, మిల్లు ఆసుపత్రి నర్సు, అని. ఇన్నాళ్లు ఎందుకు దాచారని అడుగుతుందేమో అని జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

గంగులప్ప కాగితం మీద జబ్బు పేరు, పక్కన "పత్తి దుమ్ము, పని కారణంగా" అని రాసి ముద్ర వేసింది.

"దీనివల్ల ఆయనకు వైద్యం ఏమైనా మారుతుందా?" అన్నాను.

"ఇప్పుడు మారదు మేడమ్," అంది. "అప్పుడైతే ఆ గదిలోంచి మార్చేవాళ్లేమో. అప్పుడే మార్చి ఉంటే వేరు."

ఆ కాగితం తెచ్చి మునిరత్నమ్మకు ఇచ్చాను. తీసుకుంది. చదవమనలేదు. వీధి చివర టైలరు దుకాణానికి తీసుకెళ్లి చదివించుకుందట.

జూలై 19

గంగులప్పకు ఆక్సిజన్ ఎనభై. కరెంటు రెండుసార్లు పోయింది. సిలిండరు మార్చడానికి వెళ్తే ఆవిడ తలుపు తీసి పక్కకు తిరిగి నిలబడింది. పని చేసి వచ్చేశాను.

గంగులప్ప చెయ్యెత్తి ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. అడిగే ధైర్యం లేక నేను ఆగలేదు.

జూలై 21, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. లారీలు తగ్గాయి. ఈగలు అట్లాగే ఉన్నాయి.

జూలై 23, మంగళవారం

ఈ ఉదయం ఆరున్నరకు గంగులప్ప పోయాడు. గోడ అవతల మొదట దగ్గు ఆగింది. తర్వాత మిషన్ ఆపేశారు. తర్వాత ఏడుపు.

వెళ్లాలా వద్దా అని పదకొండు దాకా గుమ్మంలోనే నిలబడ్డాను. మిల్లు మనుషులంతా వచ్చారు. ఇంతమంది ఇంకా ఉన్నారని నాకు తెలియదు. కర్రలు పట్టుకుని, మనవళ్ల బైకుల మీద, పుత్తూరు నుంచి, కార్వేటినగరం నుంచి. సగంమంది దగ్గుతున్నారు. పలక డప్పులు మోగుతున్నాయి. వీధిలో పాడె సిద్ధమైంది.

గోవిందు అని, పాత బ్లోరూము మనిషే, దండ వేసి కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "బంగారట్లాంటి మనిషి. ఆ బీడీలే తినేసినాయి." చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు.

నలుగురు వంగి పాడె పట్టుకున్నారు.

"ఉండండి," అంది మునిరత్నమ్మ.

ఆవిడ గంగులప్ప కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. లేచి వచ్చి పాడె వెదురు మీద చెయ్యి వేసింది. పలకలు ఆగిపోయాయి.

"సిస్టరమ్మ యాడ?"

అందరూ నా గుమ్మం వైపు చూశారు. మెట్టు దిగి నడిచాను. అంత దూరం కాదు. పది అడుగులు.

"నువ్వు రాసిందాన్ని నేను నమ్మినాను. నా కొడుకు నమ్మినాడు. ఇదో, ఈళ్లంతా నమ్మినారు," అంది. "ఇప్పుడు అందురూ ఉండారు. నీ నోటితో సెప్పు."

"ఇప్పుడు కాదు మునిరత్నమ్మా. తర్వాత..." అన్నాను.

"సెప్తేనే ఎత్తేది."

ఎండ నెత్తిన మండుతోంది. మునిప్రసాద్ నిప్పుకుండ పట్టుకుని నేల చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. "అప్పట్లో మిల్లు ఆసుపత్రిలో పద్ధతులు ఎట్లా ఉండేవంటే..." అని మొదలుపెట్టాను.

"అట్ల కాదు," అంది ఆవిడ. "నాకు సదివితివే, అట్ల. ఒక్క ముక్కలో."

నేను గంగులప్ప మొహం చూశాను. పసుపు, కుంకుమ, దూది. ముక్కులో దూది పెట్టారు.

"గంగులప్ప బీడీ తాగలేదు," అన్నాను.

"గెట్టిగా."

"గంగులప్ప ఎప్పుడూ బీడీ తాగలేదు. మిల్లు దుమ్ముతో వచ్చిన జబ్బిది. నాకు తెలుసు. తెలిసే బీడీ అని రాసినాను. ఆయప్ప రాయొద్దన్నాడు. అయినా రాసినాను."

గోవిందు చేతికర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నాడు. కాసేపటికి, "మరి నాకేం రాసినావమ్మా?" అన్నాడు. ఆ మాట వెనకే ఇంకో గొంతు, "నాకు?" అంది. ఇంకెవరో ముందుకు వచ్చారు. ఎవరెవరికి ఏం రాశానో నాకు ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

మునిరత్నమ్మ వాళ్ల వైపు చెయ్యెత్తింది.

"మీయి రేపు అడగండప్పా. ఈ పొద్దు ఆయప్పది."

పాడె మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు ఎత్తండి," అంది.